అత్తగారి మామిడి పిందెలు, మామగారి ఇసుక

మా అత్తగారు ఒక చెవికే దుద్దు పెట్టుకుని బీరంగూడ అంతా తిరిగిన రోజులు నాకు బాగా గుర్తు. మరిచిపోయి కాదు, కావాలనే. రెండో చెవి దుద్దు పోయింది. కొత్త జత కొనుక్కోమని ఇంట్లో అందరం చెప్పి చూశాం. ఆవిడ ససేమిరా అంది.

"కొత్తవి కొనుక్కుంటే పాతది పోయిందని ఒప్పుకున్నట్టే," అనేది.

"పోయింది కదే మరి," అనేవారు మామగారు.

"మీకు పోయింది. నాకింకా పోలేదు."

బేకరీలో పనిచేసే పిల్ల "ఆంటీ, ఒక్క చెవికే పెట్టుకున్నరు, స్టైల్ మస్తుంది" అంటే మురిసిపోయి ఒక దిల్‌పసంద్ అదనంగా కొనుక్కొచ్చింది. ఎదురింటావిడ మాత్రం నన్ను గేటు దగ్గర ఆపి, మీ అత్తగారికి మతిమరుపు మొదలైందా అని జాలిగా అడిగింది.

దుద్దు పోవడానికి కారణం హెల్మెట్. పటాన్‌చెరు మార్కెట్‌కి నా స్కూటీ మీద వెళుతూ, చలానా వస్తుందని ఆవిడకి కూడా హెల్మెట్ తగిలించాను. మార్కెట్ దగ్గర దిగాక ఆవిడ దాన్ని పాదు నుంచి సొరకాయ లాగినట్టు లాగేసింది. ఇంటికొచ్చి అద్దంలో చూసుకునేదాకా సంగతి తెలియలేదు. మళ్ళీ వెళ్ళి వెతికాం. కొత్తిమీర అమ్మే ఆవిడ పాపం కట్టలన్నీ విప్పి, "నా దగ్గర ఉంటే ఇయ్యనా అమ్మా, సూస్కో" అంది. లేదు. ఎవరి చెప్పు కిందో పడి, మట్టిలో కలిసి ఉంటుంది.

అవి వెండి దుద్దులు. మామిడి పిందె ఆకారం. కొస ఒక పక్కకి వంగి ఉంటుంది, మీద బియ్యపు నూకల్లాంటి చుక్కలు. వాటి మీద అంత పట్టు ఎందుకని ఒకసారి అడిగాను.

"నా పెట్టెలో ఉన్న బంగారమంతా ఎవరో ఒకరు ఎంచి నా మీద వేసిందే అమ్మాయ్. కొన్ని మా నాన్న, కొన్ని మా అత్తగారు. మీ మామయ్య అయితే షాపులో బరువు చూసి కొంటాడు, అదేదో ఇనప ముక్క అయినట్టు. ఇవి మాత్రం నేనొక్కదాన్నే వెళ్ళి, ఎవర్నీ అడక్కుండా కొనుక్కున్నా."

వాళ్ళు కృష్ణా జిల్లా నుంచి ఇక్కడికి వచ్చింది మామగారి ఉద్యోగం కోసం. ఊరి పక్కనున్న పెద్ద కంపెనీలో ఆయన ఫౌండ్రీ మనిషి. కరిగించిన లోహాన్ని ఇసుక అచ్చుల్లో పోసి, లారీకి ఒక్కటే పట్టేంత యంత్ర భాగాలు తయారు చేయడం ఆయన పని. రిటైరై చాలా ఏళ్ళయినా ఇప్పటికీ ఇడ్లీ పిండి పోస్తుంటే వచ్చి, "మధ్యలో ఆపకు, ఒక్క ధారగా పొయ్యి" అంటారు. నేను పోతిరెడ్డిపల్లి పిల్లని. ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పని చేస్తాను. అంటే ఇతరులు చేసినవాటిలో తప్పులు వెతకడానికి నాకు జీతం ఇస్తారు. పెళ్ళైన కొత్తలో "అత్తయ్యగారూ" అని పిలవడానికి ప్రయత్నించాను. నా నోట్లో ఆ మాట అరువు చీరలా ఉందని ఆవిడే చెప్పి, అత్తమ్మా అనమంది.

వెండి షాపుకి ఇద్దరం వెళ్ళాం. షాపాయన మిగిలిన దుద్దుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది పాత డిజైన్ అమ్మా. ఇప్పుడు వస్తలేదు. ఒక్కటే కావాలంటే ఎట్ల దొరుకుతది? జతకు జత తీస్కోండ్రి."

"చెయ్యలేరా?"

"ఒక్కదాని కోసం అచ్చు ఎవరు చేస్తరమ్మా? జెర ఆలోచించుండ్రి."

మా అత్తగారు ఆలోచించలేదు. దుద్దు లాక్కుని బయటకి వచ్చేసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, కంపెనీ క్యాంటీన్‌లో ఫోన్ చూస్తుంటే ఎవరో విదేశీయుడు వంటింటి బల్ల మీద ఉంగరం పోత పోస్తున్న వీడియో వచ్చింది. ఉన్న ఉంగరాన్నే మెత్తటి ఇసుకలో నొక్కి, తీసేసి, ఆ గుంటలో వెండి పోశాడు. అంతే. ఇంటికెళ్ళి అత్తగారికి చూపించాను. ఆవిడ ఫోన్ ముక్కుకి ఆనించుకుని చివరిదాకా చూసి, పేపరు చదువుతున్న మామగారి వైపు తిరిగింది.

"ఏమండీ, మీరు కంపెనీలో చేసింది ఇదేనా?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. "ఇదా? ఇది పిల్లలాట. నేను పోసిన ఒక్కో కాస్టింగ్ ఈ ఇంటంత ఉండేది."

"చెవిదుద్దు పొయ్యగలరా?"

"టర్బైన్లకి పోసిన చేతులతో చెవిదుద్దులు పొయ్యమంటావా?"

"అంటే రాదన్నమాట."

ఆ మాట అనేసి ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే మామగారు కొలత టేపు వెతుక్కుంటూ కనిపించారు.

అచ్చుకి రెండు చట్రాలు కావాలి. ఒకటి కింద, ఒకటి పైన. అడుగు, మూత లేకుండా ఉత్త గోడలు. రెండూ కదలకుండా ఒకదానిమీద ఒకటి కూర్చోవాలి. మామగారు వడ్రంగి దగ్గర కూర్చుని టేకు చెక్కతో చేయించారు. ఆటోలోంచి ఇద్దరు దింపారు. అత్తగారు వాటి చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఇందులో దుద్దు ఎందుకు, నన్నే పడుకోబెట్టి పోత పొయ్యండి. చచ్చాక విగ్రహం ఖర్చు మిగులుతుంది."

"ఇసుక ఎంత ఎక్కువుంటే వేడి అంత బాగా..."

"చెవికి పెట్టుకునేది, చెరువుకి గేటు కాదు."

చివరికి ఆవిడే స్టాండు మీదనుంచి రెండు స్టీలు డబ్బాలు తీసింది. ఒకదాని అంచు ఇంకోదాని మీద సరిగ్గా కూర్చునేవి. ఇస్నాపూర్‌లో వెల్డింగ్ షాపుకి పట్టుకెళ్ళి అడుగులు కోయమన్నాం. వెల్డర్ మమ్మల్ని, డబ్బాల్ని మార్చి మార్చి చూశాడు.

"అమ్మా, మంచిగున్న డబ్బాల అడుగు కోసుడేంది? ఏం పరేషాన్ వచ్చింది మీకు?"

"పప్పు ఎక్కువైంది నాయనా, కారిపోవాలి," అంది మా అత్తగారు. అతను జల్దీ కోసిచ్చి పంపించేశాడు. టేకు చట్రాల్లో ఇప్పుడు పుదీన పెరుగుతోంది.

ఇసుక మామగారే తెచ్చారు. పాత స్నేహితుడి చిన్న ఫౌండ్రీ నుంచి ఒక బస్తా. నల్లగా, బంకమట్టి కలిపి ఉంటుంది. పిడికిట్లో నొక్కి విరిస్తే బిస్కెట్‌లా తెగాలి, చేతికి తడి అంటకూడదు. అదీ పరీక్ష. ఆ మాట మామగారు ఎన్నిసార్లు చెప్పారంటే, మా ఆయన ఆఫీసు ఫోన్లో మాట్లాడుతూ కూడా "బిస్కెట్‌లా తెగాలి" అని వేళాకోళం చేసేవాడు. ఈ మొత్తం వ్యవహారంలో మా ఆయన చేసిన సాయం అంతకుమించి లేదు.

ఒక ఆదివారం ఉదయం మేడ మీద పని మొదలుపెట్టాం. కంపెనీ నుంచి కళ్ళద్దాలు, తోలు గ్లవ్స్ నేను తెచ్చాను. నైలాన్ చీర మీద నిప్పు పడితే అంటుకుంటుందని చెప్పి అత్తగారికి నేత చీర కట్టించి, పైన మామగారి పాత కాకీ చొక్కా, కాళ్ళకి నా కాన్వాస్ బూట్లు వేశాను. హెల్మెట్ పేరెత్తితే కొట్టేలా చూసింది. మొదలుపెట్టే ముందు దేవుడికి దండం పెట్టుకుందామా అన్నాను.

"ఆయనకి మన పనేం తెలుసు? గ్యాస్ పైపు బిగుతుగా ఉందో లేదో చూడు."

అన్నిటికంటే కష్టమైన పని అంతకుముందే జరిగింది. దుద్దు వెనక చెవిలోకి దూరే కాడ ఉంటుంది కదా, అది ఉంటే ఇసుకలోంచి సరిగ్గా ఊడి రాదు. కోసేయాలి. తర్వాత మళ్ళీ అతికించుకోవచ్చు. కానీ ఉన్నది ఒక్కటి. కట్టర్ పట్టుకుని ఆవిడ చాలాసేపు కూర్చుంది. నేను కోస్తానంటే తల అడ్డంగా ఊపింది. తర్వాత కళ్ళు మూసుకుని తనే కోసేసింది. కాడ ఎగిరి ఎక్కడో పడింది. అది వెతకలేదు కూడా.

కింది డబ్బా నిండా ఇసుక కూరి, దుద్దుని బోర్లా, వెనక భాగం ఇసుక మట్టానికి వచ్చేలా నొక్కాం. పైన పాండ్స్ పౌడర్ చల్లాం, రెండు పొరలూ అంటుకోకుండా. పైడబ్బా పెట్టి మళ్ళీ ఇసుక కూరాం. విడదీసి దుద్దు తీస్తే ఇసుకలో పిందె గుంట చక్కగా దిగింది. దాన్లోకి వెండి వెళ్ళడానికి ఒక దారి, గాలి బయటకి పోవడానికి సైకిలు పుల్లతో రెండు బెజ్జాలు. అంతా అయ్యాక డబ్బాలు మూసి, వెండి కరిగించే మట్టి మూసలో నా పాత కాళ్ళ పట్టీల ముక్కలు వేసి, చిటికెడు వెలిగారం చల్లి, బ్లో టార్చ్ పెట్టాను. ముక్కలు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత ఒళ్ళు వదిలేసి ఒక్క ముద్దయ్యాయి. ముద్ద గిర్రున తిరుగుతూ అద్దంలా మెరిసింది.

మామగారు కుర్చీలోంచి ఆజ్ఞలు ఇస్తున్నారు. అంతలో ఆయన ఫోన్ మోగింది. లేచి పిట్టగోడ వైపు నడిచారు. నేను పోశాను.

ఫట్‌మని పేలింది. అచ్చులోంచి ఆవిరి తన్నుకొచ్చి వెండిని పైకి ఉమ్మేసింది. ఎవరి మీదా పడలేదు కానీ, మామగారి ప్లాస్టిక్ కుర్చీ సీటుకి సరిగ్గా మధ్యలో బెజ్జం పడింది. వెండి చుక్క ఆ బెజ్జంలోంచి కారి నేల మీద ఆగింది. ముగ్గురం ఆ బెజ్జాన్నే చూస్తూ నిలబడ్డాం.

"ఇసుకలో నీళ్ళెవరు కలిపారు?" అన్నారు మామగారు మెల్లిగా.

అత్తగారు కాకీ చొక్కా గుండీ సర్దుకుంది. "రవ్వలా రాలిపోతోందని ఓ గ్లాసు చిలకరించా."

"గ్లాసా? కంపెనీలో అయితే నిన్ను గేటు బయట నిలబెట్టేవాళ్ళం."

"కంపెనీలో అయితే మీ కుర్చీలో నేనే కూర్చునేదాన్ని."

అప్పటి నుంచి మేడ మీద ఎవరూ కూర్చోకూడదని, పోసేటప్పుడు అందరూ రెండడుగులు వెనక ఉండాలని నేను నియమం పెట్టాను. ఇసుక తడి చూసే బాధ్యత మామగారిది. ఆయన ఆ రోజు నుంచి బిందెని ఇసుక దగ్గరకి రానివ్వలేదు.

రెండోసారి పేలలేదు. దుద్దు వచ్చింది. కానీ దాని మీద చుక్కల బదులు పనసకాయ ముళ్ళు వచ్చాయి. ఆ ఇసుక పెద్ద పెద్ద యంత్రాల కోసం తయారైంది. దానికి బియ్యపు నూకంత చుక్క అసలు కనపడదు.

"మా దగ్గర ఈ మాత్రం గరుకు లెక్కలోకి రాదు," అన్నారు మామగారు.

"మీ టర్బైన్‌ని ఎవరూ చెవికి పెట్టుకోరు కాబట్టి," అంది అత్తగారు. మైదా జల్లెడ తెచ్చి బస్తాడు ఇసుకా జల్లించమని ఆయన ముందు పెట్టింది. ఆయన ఒక పూటంతా జల్లించారు. ముక్కు, మీసం నల్లబడ్డాయి. మధ్యలో ఒకసారి టీ ఇవ్వడానికి వెళితే, చాలా ఏళ్ళ తర్వాత ఆయన ఈల వేస్తూ కనిపించారు. నన్ను చూసి ఆపేశారు.

మూడోసారి చుక్కలు వచ్చాయి, కొస రాలేదు. దారి సన్నగా తీయడంతో వెండి కొసదాకా వెళ్ళకుండానే గడ్డకట్టింది. వెండిలో ఉన్న మంచి గుణం ఏంటంటే, మన చేతకానితనాన్ని మనసులో పెట్టుకోదు. మళ్ళీ మూసలో వేస్తే మళ్ళీ కరుగుతుంది. దారి వెడల్పు చేసి, వెండి ఇంకాస్త ఎక్కువ వేసి, ఆపకుండా ఒక్క ధారగా పోశాను. ఇడ్లీ పిండి పాఠం అప్పుడు అక్కరకొచ్చింది, మామగారికి చెప్పలేదు.

కాసేపాగి డబ్బాలు విడదీసి ఇసుక గుద్దితే, మాడిన ఇసుక మధ్యలో పిందె బయటపడింది. కొస ఉంది. చుక్కలున్నాయి. పట్టకారతో పట్టుకుని నీళ్ళలో ముంచితే సుయ్‌మంది. అత్తగారు దాన్ని అరచేతిలో పెట్టుకుని పాతదాని పక్కన పెట్టింది. రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి.

"అంగుళంలో నూరో వంతు కూడా తేడా లేదు," అన్నారు మామగారు. నేను నా క్వాలిటీ కళ్ళతో చూసి, పాస్ అన్నాను. ఆకురాయితో, గరుకు కాగితంతో రుద్ది, పాలిష్ పెట్టి, వెండి షాపాయన దగ్గరే రెండింటికీ కాడలు అతికించాం. ఆయన "యాడ చేయించిండ్రు?" అని రెండుసార్లు అడిగాడు. అత్తగారు నవ్వి ఊరుకుంది.

ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి రెండూ పెట్టుకుంది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"అమ్మాయ్, ఇలా రా. నీకేమైనా తేడాగా ఉందా?"

చూశాను. ఎడమ చెవి పిందె కొస బుగ్గ వైపు వంగి ఉంది. కుడి చెవి పిందె కొస జడ వైపు. పిందెలు జతగా చేసేటప్పుడు ఒకటి ఇటు, ఒకటి అటు వంచి చేస్తారు. మా దగ్గర మిగిలింది ఎడమది. దాన్నే అచ్చు తీశాం. కాబట్టి మేం పోసింది ఇంకో ఎడమది. రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయని మేం సంబరపడిందే అసలు తప్పు.

మామగారు గుమ్మంలో నిలబడి చూశారు. "మా పాటర్న్ షాపులో ప్రతి నమూనా మీదా కుడి, ఎడమ అని రాసేవాళ్ళు," అన్నారు.

"ఆ మాట ఇప్పుడా చెప్పేది?"

"నువ్వు అడగలేదుగా."

నాకు నవ్వాగలేదు. నవ్వకూడదని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆవిడ అద్దంలోంచే నన్ను చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నా. నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ అవి నవ్వువి. మంచం మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. మామగారు ముందు అలిగారు, తర్వాత ఆయనా మొదలుపెట్టారు. కుడిది మళ్ళీ మైనంతో చెక్కి చేద్దామని నేనంటే వద్దంది.

"రెండు చెవులూ ఒకే వైపు చూడాలని ఎవరు రాశారు? నాకివే కావాలి. ఇవి ఇంకెవరి దగ్గరా ఉండవు."

ఆ నెలలోనే పోతిరెడ్డిపల్లిలో మా వాళ్ళ గృహప్రవేశం. మా పెద్దమ్మ కూడా వచ్చింది. ఎవరింట్లో ఏది వంకరగా ఉన్నా ముందు ఆవిడకే కనిపిస్తుంది. భోజనాల దగ్గర మా అత్తగారిని చూడగానే ఆగిపోయింది.

"వదినా, ఒకటి తిర్లమర్ల పెట్టుకున్నవ్ సూడు."

"తిరగబడలేదండీ, అదంతే. మా మేడ మీద పోత పోశాం."

"ఏం పోసిండ్రు?"

అత్తగారు నోరు తెరిచేలోపు మామగారు చేతిలో పులిహోర విస్తరితో మధ్యలోకి వచ్చేశారు. ఇసుక జల్లించడం దగ్గర్నుంచి మొదలుపెట్టారు. ఎవరూ వినరని నేను అనుకున్నాను, విన్నారు. ఆయన ఉద్యోగంలో పోసినవన్నీ ఎక్కడెక్కడి పవర్ ప్లాంట్లలోకో వెళ్ళిపోయాయి. అవి పనిచేస్తుండగా ఆయన ఒక్కదాన్నీ చూడలేదు. ఇప్పుడు మాత్రం మధ్యమధ్యలో చెయ్యి చాపి, "అదిగో, చూడండి" అని భార్య చెవి చూపించారు. ఆవిడ పెరుగన్నం తింటూనే, అడిగినప్పుడల్లా తల తిప్పి చూపించింది.

ఆయన ముగించేసరికి మా పెద్దమ్మ కొంచెం గొంతు తగ్గించింది. "నా దగ్గర గూడ ఒక్కటి ఉన్నది. దాని జంట బస్సుల పోయింది. పారెయ్యబుద్ధి కాక డబ్బాల పెట్టిన."

ఇంకో ఆవిడ తన దగ్గరా ఉందంది. పక్కన మజ్జిగ పోస్తున్నావిడ గ్లాసు పక్కన పెట్టి మరీ వచ్చింది. ఆ పందిట్లో ఉన్న ఆడవాళ్ళలో సగం మంది ఇళ్ళలో, పసుపు డబ్బాలోనో పౌడరు డబ్బాలోనో, జత లేని దుద్దు ఒకటి దాక్కుని ఉందని ఆ రోజు తెలిసింది. మా అత్తగారు మజ్జిగ తాగి మూతి తుడుచుకుని, ఆదివారం పొద్దున్నే అందరూ నేత చీరలు కట్టుకుని రండని చెప్పేసింది. నన్ను అడగలేదు.

వచ్చారు. అందరూ కాదు, మేడ పట్టేంతమంది. అత్తగారు ముందే గుమ్మంలో తనిఖీ చేసింది. గుండ్రటివి, పువ్వులు, చుక్కలు ఉన్నవాళ్ళు లోపలికి. పిందెల్లా ఒక పక్కకి వంగినవి తెచ్చినవాళ్ళు అది ఏ చెవిదో ముందు చెప్పాలి. చిలక దుద్దు తెచ్చినావిడని, "మీరు కాస్త ఓపిక పట్టండి, మేమింకా కుడిపక్క నేర్చుకోలేదు" అని కూర్చోబెట్టి టీ ఇచ్చింది. మామగారు ఒక్కొక్కరి పిడికిట్లో ఇసుక పెట్టి విరిపించారు. టార్చ్ మాత్రం నేను ఎవరికీ ఇవ్వలేదు.

మా పెద్దమ్మది గుండ్రటి పువ్వు. ఇసుక తనే కూరింది, దారి తనే తీసింది, గాలి బెజ్జాలు రెండు చాలంటే నాలుగు పొడిచింది. నేను పోస్తుంటే మాత్రం పిట్టగోడ దాకా వెనక్కి పోయి కళ్ళు మూసుకుంది. డబ్బాలు విడదీసి, పువ్వుని నీళ్ళలో ముంచి చేతిలో పెట్టేదాకా తెరవలేదు. ఒక రేక కొంచెం పలచగా వచ్చింది. ఆవిడకి కనిపించలేదో, కనిపించనట్టు ఊరుకుందో.

"గిది నేనే చేసిన్నా?"

"మీరే," అంది మా అత్తగారు.

కాడ అతికించి ఇస్తాం, వచ్చే వారం తీసుకెళ్ళండని చెప్పాం. వినలేదు. మా వంటింట్లోకి వెళ్ళి చిటికెడు గోధుమపిండి ముద్ద తెచ్చుకుని, దుద్దు వెనక పెట్టి చెవికి అంటించుకుంది. రెండో చెవికి పాతది పెట్టుకుంది. ఫోటో తీయమని నన్ను నిలబెట్టింది. ఫోటో అయ్యాక తీసెయ్యమన్నా తియ్యలేదు. పిండి ఎండి రాలిపోతుందేమోనని, ఆ చెవిని చేత్తో పట్టుకునే ఆటో ఎక్కి పోతిరెడ్డిపల్లి వెళ్ళిపోయింది.